వదిన రాలేదేటి

ముసలివాళ్ళకు చావు కబురు చెప్పకూడదని మొదట ఎవరికి తోచిందో తెలియదు. ఆ మనిషి దొరికితే మా పెదనాన్నను పక్కన నిలబెట్టి ఇద్దరినీ కలిపి తిట్టాలని ఉంది. ఇన్నేళ్ళయినా ఆ కోపం పోలేదు. పోగొట్టుకోమని చెప్పేవాళ్ళను చూస్తే ఇంకొంచెం పెరుగుతుంది.

మా అమ్మమ్మది బొబ్బిలి. మిషన్ బడి హాస్టల్లో ఆడపిల్లలకు వార్డెన్‌గా చేసి రిటైరైంది. అంచున్న తెల్లచీర, చంకలో గొడుగు, ఆదివారం వస్తే చర్చిలో ముందు వరుస. నాన్నమ్మది శృంగవరపుకోట దగ్గర పల్లె. వరి, చోళ్ళు, నువ్వులు పండించే ఇల్లు. పొద్దున్నే అంబలి తాగి పొలానికి పోయేది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, అడ్డపొగ పీలుస్తూనే కలుపు తీసేది. ఆ పొగ నోట్లో ఉండగా ఎవరితోనైనా తగువు కూడా ఆడగలిగేది.

మా అమ్మా నాన్నా ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. అమ్మమ్మ పెద్దలు చర్చిలో చేరకముందు ఊరి చివర పేటలో ఉండేవాళ్ళు. ఆ సంగతి నాన్నమ్మ ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. నా చిన్నతనమంతా విజయనగరంలో మా ఇంటికి ఒక అవ్వ వచ్చిందంటే రెండో అవ్వ రాదు. నాన్నమ్మ వచ్చినా తన చెంబు తనే తెచ్చుకునేది. మా అమ్మ వండింది తినేది కానీ, అమ్మ చెయ్యి చూడకుండా తినేది. అలా ఎలా తింటారో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

వాళ్ళిద్దరినీ కలిపింది కంటి శుక్లాలు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఇద్దరికీ ఒకే వారంలో ఆపరేషన్ అయింది. ముందు అమ్మమ్మను పిలిపించింది అమ్మ. ఆవిడ కంటికట్టు విప్పకముందే నాన్నమ్మకూ తేదీ ఇచ్చేశారు. రెండు మంచాలు ఒకే గదిలో వేయక తప్పలేదు. నాన్న ఆఫీసుకు, అమ్మ బడికి, నేను కాలేజీకి వెళ్ళిపోయేవాళ్ళం. పగలంతా నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఇద్దరు శత్రువులు ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. ఒకరోజు బడిలో ఇన్‌స్పెక్షన్ అని అమ్మ మధ్యాహ్నం రాలేకపోయింది. నేను సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే వంటింటి గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి.

"ఎవరు పెట్టారు నాన్నమ్మా నీకు అన్నం?" అని అడిగాను.

"ఎవులు పెడతారు? మీ అమ్మమ్మే కలిపి పెట్టింది. నాకు ఒంగోడానికి నేదు కదా. ఉప్పు తక్కువేసినాది," అంది నాన్నమ్మ.

పక్క మంచం మీంచి అమ్మమ్మ, "తక్కువేం కాదు. నీ నోరు పొగకి సచ్చిపోనాది వదినా. నీకు రుసెలా తెలుస్తాది?" అంది.

వదిన అన్న మాట ఆ గదిలో వినబడడం అదే మొదలు. నేను నవ్వితే ఇద్దరూ నన్ను కసిరారు.

ఆ తర్వాత వాళ్ళు స్నేహితులయ్యారంటే చాలా మెత్తగా చెప్పినట్టవుతుంది. వాళ్ళు ఒకరితో ఒకరు తగువాడడానికి అలవాటు పడ్డారు. చుట్ట గురించి, దేవుడి గురించి, నెత్తళ్ళ చేపల కూరలో చింతపండు వేయాలా మామిడికాయ వేయాలా అన్నదాని గురించి. కళ్ళు బాగై ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళాక కూడా ఆదివారం చర్చి అవగానే అమ్మమ్మ ఫోన్ చేసేది. చిన్న బటన్ల ఫోన్ చెవికి నొక్కిపెట్టి, పెరట్లో కూర్చుని, నాన్నమ్మ ఊరంతా వినేలా అరిచేది. ఒకరు విధవరాలైనప్పుడు వయసెంతో రెండోవారికి తెలుసు. ఒకరికి పురిట్లో పోయిన బిడ్డ సంగతి రెండోవారికి తెలుసు. అవి మా ఎవరికీ తెలియవు. మేం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. వాళ్ళు మాకు అమ్మమ్మ, నాన్నమ్మ. ఒకరికొకరు మాత్రమే మనుషులు.

హుదూద్ తుఫాను వచ్చిన మరుసటి ఎండాకాలం అమ్మమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. అప్పటికి నేను శ్రీకాకుళంలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి వచ్చేదాన్ని. అమ్మమ్మ ముఖం ఉబ్బిపోయి, మాట మాత్రం స్పష్టంగా ఉండేది.

"వదిన రాలేదేటి?" అని అడిగేది. నర్సు వచ్చినా, పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళినా, కళ్ళు తెరిచి తలుపువైపు చూసి అదే మాట.

నాన్న పెదనాన్నకు ఫోన్ చేశాడు. రేపు తీసుకొస్తానన్నాడు. మర్నాడు నేను చేశాను.

"తెస్తాన్లేమ్మా. అమ్మకి కూడా నీరసంగా ఉన్నాది. ఎండ సూస్తన్నావు కదా," అన్నాడు.

"కారు మాట్లాడి పంపిస్తాను పెదనాన్నా."

"ఎందుకమ్మా, నానే తెస్తాను."

నాన్నమ్మ ఫోనుకు చేస్తే స్విచాఫ్ అని వచ్చేది. శృంగవరపుకోట నుంచి విజయనగరం ఎంత దూరం? పాలవాళ్ళు, కూరగాయలవాళ్ళు పొద్దున్నే వచ్చి మధ్యాహ్నానికి తిరిగి వెళ్ళే దూరం. అంత దూరం దాటించలేక అమ్మమ్మను అలా అడిగించారు. అడిగి అడిగి ఒక మధ్యాహ్నం ఆవిడ అడగడం మానేసింది. ఆ సాయంత్రమే పోయింది.

బొబ్బిలిలో చర్చివాళ్ళ సమాధుల తోటలో పూడ్చాం. పెదనాన్న ఒక్కడూ వచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు. మట్టి వేయమంటే దూరం నుంచే చేతులు జోడించాడు. మా మావయ్య మంచినీళ్ళిస్తే ఇప్పుడే తాగానన్నాడు.

"నాన్నమ్మేది?" అన్నాను.

"సెప్పనేదమ్మా. గుండె జబ్బు మనిషి. తట్టుకోనేదు. నువ్వు కూడా సెప్పకు. అందరం అనుకున్నాం."

అందరం అంటే ఎవరో నాకు అర్థం కాలేదు. నాన్నవైపు చూశాను. నాన్న నేల చూపులు చూస్తూ, "అన్నయ్య ఆలోచించే చెప్పుంటాడు," అన్నాడు. అమ్మ అప్పటికి ఏ మాటా వినే స్థితిలో లేదు. అమ్మను ఒంటరిగా వదలలేక ఆ వారమంతా విజయనగరంలోనే ఉన్నాను. అమ్మ లేచి తనంతట తాను కాఫీ పెట్టుకున్న రోజు, నేను బస్సెక్కి నాన్నమ్మ దగ్గరికి వెళ్ళాను.

గుమ్మంలోనే పెద్దమ్మ అడ్డం వచ్చింది. "ఏటీ సెప్పకే. మీ అమ్మమ్మ రాయపూరులో సిన్నకూతురింటికి ఎల్లినాదని సెప్పినాం," అని గుసగుసలాడింది. లోపల పెదనాన్న కోడలు ఇంకో మాట చెప్పింది: ఫోను పాడైందని చెప్పామని. మా పెదనాన్న కొడుకు, అమ్మమ్మ చర్చివాళ్ళతో టూరు వెళ్ళిందని చెప్పాడట. అందరూ కలిసి అనుకున్నారు కానీ ఏ అబద్ధం ఆడాలో మాత్రం అనుకోలేదు.

నాన్నమ్మ పెరట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. నన్ను చూడగానే చెయ్యి ఆపింది.

"ఒలే గుంటా, ఇలా రా. ఇక్కడ కూకో. ఒకలు రాయపూరు అంతన్నారు. ఒకలు టూరు అంతన్నారు. ఒకలు ఫోను సెడిపోనాదంతన్నారు. నాను పిచ్చిదాన్నేటి? నువ్వు సెప్పు."

నేను చెప్పాను. మెత్తగా ఎలా చెప్పాలో నాకు రాలేదు. "అమ్మమ్మ చనిపోయింది నాన్నమ్మా. పూడ్చేశాం కూడా," అన్నాను.

నాన్నమ్మ ఏడవలేదు. చింతపండు చేట పక్కకు జరిపి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఎవులు తానం సేయించినారు?"

"అమ్మా, అత్తా."

"ఏటి కట్టినారు?"

"నీలం అంచు తెల్లచీర."

"అది దానికి ఇష్టం." చేట మళ్ళీ దగ్గరికి లాక్కుంది. "నా గురించి అడిగినాదేటి?"

ఈ ఒక్కచోటా అబద్ధం ఆడొచ్చేమో. ఆడితే ఆవిడకు తేలికయ్యేదేమో. నాకు ఆ ఇంట్లో ఇంకో అబద్ధానికి చోటు కనబడలేదు. అడిగిందని చెప్పాను. రోజూ అడిగిందని, మేం ఫోన్లు చేశామని, పెదనాన్న తెస్తానన్నాడని అన్నీ చెప్పేశాను.

నాన్నమ్మ అక్కడే కూర్చుంది. పెదనాన్న పొలం నుంచి అన్నానికి వచ్చే వేళవరకు ఎవరు పిలిచినా లేవలేదు. ఆయన కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తుంటే అప్పుడు లేచింది.

"ఒరే, ఇలా రా. నాను సచ్చిపోతే ఎవులికి సెప్పవు? అది కూడా ఇప్పుడే సెప్పీ. ఆలకి నానే సెప్పుకుంటాను."

పెదనాన్న నన్నొకసారి కొరకొరా చూశాడు. "అది కాదమ్మా. నీకేటైనా అవుతాదని..."

"ఏటవుతాది? ఏడుత్తాను. ఏడుపుకి సస్తే సస్తాను. నా గుండె నీదేట్రా? అది ఆస్పట్ల పడుకుని నన్నడుగుతంటే, నాను ఇక్కడ సింతపండు ఒలుసుకుంతన్నాను! పిలిత్తే నడిసైనా ఎల్లేదాన్ని."

పెద్దమ్మ మధ్యలోకి వచ్చింది. అప్పుడు బయటపడింది అసలు మాట. "నువ్వు ఎల్తే ఒక్కదానివే ఎల్తావేటి? బొబ్బిలి పేటలో కూకుని, ఆలింట్లో తిని, సమాధుల దొడ్డికెల్లి వస్తే రేపు ఊర్లో ఏటనుకుంటారు? మా గుంటకి సంబంధాలు సూస్తన్నాం."

గుండె జబ్బు అంటే అదన్నమాట. అది నాన్నమ్మకు వచ్చిన జబ్బు కాదు. నేను ఏదో అరిచాను, ఏమన్నానో గుర్తులేదు. నాన్నమ్మ అరవలేదు. లోపలికి వెళ్ళి రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. ఫోను ఎక్కడుందని పెద్దమ్మను అడిగింది. పెద్దమ్మ బీరువా తీసి, చీరల మడతల కింద నుంచి ఫోను తీసి ఇచ్చింది. అది పాడవలేదు, చార్జింగ్ కూడా సగం ఉంది. పొయ్యి మీంచి అప్పుడే దించిన అన్నం, నెత్తళ్ళ కూర స్టీలు క్యారేజీలో సర్దుకుని, "పద గుంటా," అంది.

మేం అడ్డరోడ్డు దాకా ఆటోలో వెళ్ళి, అక్కడినుంచి కారు మాట్లాడుకుని బొబ్బిలి వెళ్ళాం. దారిపొడుగునా ఆవిడ క్యారేజీ ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నేను ఫోన్ చేస్తే మావయ్య సమాధుల తోట దగ్గరికి వచ్చి మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళాడు. ఇంకా సిమెంటు చేయని మట్టి దిబ్బ. కర్ర సిలువ. వాడిపోయిన బంతిదండల మీద ప్లాస్టిక్ పూల దండ ఒకటి మాత్రం మెరుస్తోంది.

నాన్నమ్మ కాళ్ళు చాపుకుని దిబ్బ పక్కన కూర్చుంది. మట్టి మీద చెయ్యి వేసింది. "వదినా, నాకు సెప్పనేదే ఈలు," అంది. అంతే, అప్పుడు ఏడ్చింది. నాకు తెలిసినంతలో ఆవిడ అలా ఏడవడం అదొక్కసారే. ఎవరికీ ఏమీ కాలేదు. గుండె ఆగలేదు. ఏడిచి, ముక్కు చీది, క్యారేజీ విప్పింది.

మావయ్య ఇబ్బందిగా కదిలాడు. "అత్తా, ఏమీ అనుకోకు. మా దాంట్లో సమాధుల దగ్గర తిండి పెట్టకూడదు. పాస్టరుగారు చూస్తే బాగోదు," అన్నాడు.

"దానికెవులు పెడతన్నారు? నాను తింతన్నాను. పొద్దున్నుంచి ఏటీ తిన్నేదు. కూడు తింటే కూడా మీ దేవుడికి కోపమేటి?"

మావయ్య వెనక్కి తగ్గాడు. నాన్నమ్మ అన్నం కలుపుకుని తింటూ ఉంది. ఒక ముద్ద నా చేతిలో పెట్టింది. కూరలో చింతపండు వేశారు. "మీ అమ్మమ్మ మావిడికాయే ఎయ్యాలనేది," అంది నములుతూ. మా పెదనాన్న ఊళ్ళో పరువు, మా మావయ్య చర్చి పరువు, రెండూ ఆ మట్టి దిబ్బకు చెరోపక్క నిలబడి ఉన్నాయి. మధ్యలో మేమిద్దరం అన్నం తిన్నాం. నాకు ఆకలిగా లేదు. అయినా క్యారేజీ అడుగు వరకు తిన్నాను.

నాన్నమ్మ ఇక పల్లెకు వెళ్ళలేదు. మా ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మ చెయ్యి చూస్తూ అన్నం తినేది, ఒక్కోసారి అమ్మ చేతితోనే తినేది. తల్లి పోయిన అమ్మకు ఆవిడ ఏమీ ఓదార్పు మాటలు చెప్పలేదు. అమ్మ వంటింట్లో ఉంటే తనూ పీట వేసుకుని వంటింట్లోనే కూర్చునేది. ఆదివారం చర్చి వేళ దాటగానే శ్రీకాకుళంలో నా ఫోను మోగేది. "ఏటి తిన్నావు? పొద్దుటేల తలంటుకున్నావేటి? సిక్కిపోతన్నావని మీ అమ్మ అంతంది," అని మొదలుపెట్టి, నేనేం చెప్పినా తప్పుపట్టేది. ఆ తగువు నాకు వారమంతటికీ సరిపోయేది. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న సంగతులు కొన్ని అలాగే, తిట్ల మధ్యలో, నాకు అందాయి. పురిట్లో పోయిన బిడ్డ ఆడపిల్ల అని, నాన్నకంటే ముందు పుట్టిందని, ఆ పిల్లకు పేరు కూడా పెట్టుకున్నారని అలాగే తెలిసింది. ఆ పేరు నాకొక్కదానికే చెప్పింది.

పెదనాన్న పండుగలకు వచ్చి తల్లి కాళ్ళకు దండం పెట్టి వెళ్ళేవాడు. "కూకో. కాఫీ తాగెల్లు," అనేది నాన్నమ్మ. అంతకుమించి ఒక్క మాట అనేది కాదు.

రెండేళ్ళు దాటాక ఒక వానాకాలం ఆవిడకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మొదటి ఫోను నాకే చేయాలని నాన్న చేత ముందే ఒట్టు వేయించుకుందట. పొద్దున్న మొదటి పీరియడ్‌కు ముందు నాన్న ఫోన్ చేశాడు. నేను ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి, నాన్నమ్మకు సీరియస్‌గా ఉంది, సెలవు కావాలన్నాను.

ఆయన నవ్వాడు. "మీ నాన్నమ్మ అప్పుడే పోయిందన్నారు కద మేడమ్? మళ్ళీ బతికిందా?"

"అది అమ్మమ్మ సార్."

"పిల్లలు సెలవు కోసం అమ్మమ్మల్ని చంపుతారనుకున్నాను. లెక్చరర్లు కూడానా?" పక్కన కూర్చున్న క్లర్కు కూడా నవ్వాడు.

నేను కాగితం బల్ల మీద పెట్టి వచ్చేశాను. విజయనగరం చేరేదాకా బస్సులో నా దవడలు నొప్పెట్టాయి, అంతగా పళ్ళు బిగించాను. మనిషికి అమ్మ పోతే దుఃఖం. నాన్న పోతే దుఃఖం. అవ్వ పోతే జోకు. లేదంటే, "పండు ముసలి, ఎన్నాళ్ళుంటుంది," అని ఒక మాట. ఆవిడ వయసు ఎంతైతేనేం? నాకు తెలిసినంత కాలమూ ఉన్న మనిషి ఆవిడ. నేను పుట్టాక ఆవిడ లేని రోజు ఒక్కటీ లేదు.

నేను వెళ్ళేసరికి స్పృహలోనే ఉంది. ఎవరూ ఏమీ దాచలేదు. "ఈసారి మంచం మీంచి నేవనని డాకటరు సెప్పినాడు," అని తనే నాకు చెప్పింది. నాన్న, అమ్మ, నేను పక్కనే ఉన్నాం. ఆక్సిజన్ పెట్టిన మనిషి చుట్ట అడిగింది. వెలిగించకుండా చేతిలో పెట్టాం. వేళ్ళ మధ్య తిప్పుకుంటూ పడుకుంది. పెదనాన్న వచ్చి గుమ్మంలో నిలబడితే, "లోపలికి రా," అంది. ఆయన వచ్చి పాదాల దగ్గర కూర్చున్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. మర్నాడు మధ్యాహ్నం, అమ్మ నోట్లో నీళ్ళు పోస్తుండగా పోయింది.

పల్లెకే తీసుకెళ్ళారు. పెద్దకర్మ రోజున వీధి మొదట్లో ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. శ్రద్ధాంజలి అని ఎర్రక్షరాలు. నాన్నమ్మ ఫోటో చూసి ఆగిపోయాను. ఆవిడ నవ్వుతున్న ఫోటో ఒక్కటే ఉంది. శుక్లాల ఆపరేషన్ తర్వాత మా ఇంటి మెట్ల మీద, ఇద్దరు అవ్వలూ పక్కపక్కన కూర్చుంటే నేను తీసింది. అందులోంచి అమ్మమ్మను కోసేశారు. నాన్నమ్మ మెడలో లేని గొలుసు ఒకటి తగిలించారు. కానీ భుజం మీద నల్లగా, సన్నగా నాలుగు వేళ్ళు ఉండిపోయాయి. అమ్మమ్మ చెయ్యి. ఎవరి చెయ్యో తెలియకుండా అలా వేలాడుతోంది.

నేను స్టూలు తెచ్చుకుని తాళ్ళు విప్పేశాను. బంధువులంతా చూస్తున్నారు. పెద్దమ్మ, "ఏటా పని? సెప్పి సంపేసినావు. ఇపుడు ఫోటో కూడా ఉండనీవేటి?" అని అరిచింది.

"చెప్పాక రెండేళ్ళు బతికింది పెద్దమ్మా," అన్నాను. ఫ్లెక్సీ చుట్టి చంకలో పెట్టుకున్నాను. నాన్న వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ఆ వ్యవహారంలో ఆయన అన్నయ్య మాట కాదని చేసిన మొదటి పని అదే.

ఆ తర్వాత ఆ ఊరికి నేను తక్కువే వెళ్ళాను. పోయినేడాది విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సు కోసం నిలబడితే పెదనాన్న కనబడ్డాడు. బాగా పెద్దవాడైపోయాడు. చేతికర్ర పట్టుకున్నాడు. నా సంచి ఇమ్మన్నాడు, ఇవ్వలేదు. కర్ర రెండో చేతిలోకి మార్చుకుని అడిగాడు.

"మీ నాన్నమ్మ నా మాటేటైనా అన్నాదేటమ్మా? ఆఖరికి కోపం పోయినట్టు సెప్పిందేటి?"

ఆయన కళ్ళు నీళ్ళతో ఉన్నాయి. పోయిందని చెప్పొచ్చు. ముసలివాడు, తట్టుకోలేడు, ఒక మాట అంటే నా సొమ్మేం పోదు.

"లేదు పెదనాన్నా. ఏమీ అనలేదు," అన్నాను.

ఆయన తల ఊపాడు. బస్సు వచ్చింది. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన కర్ర ఆనించుకుని, బస్సు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.